వేగిస గ్లాసులో నీలం

ఒకప్పుడు వేగిస చెక్క గ్లాసులో పోసిన నీళ్లు ఎండలో పెట్టినా ఉత్త తేనెరంగులోనే ఉండేవి.

ఆ రోజుల్లో ఒక కొండమీద లింగన్న అనే ముసలాయన వేగిస చెక్కతో గ్లాసులు చెక్కేవాడు. ఆయన భార్య గవిరమ్మ సముద్రం ఒడ్డున పుట్టింది. పెళ్లయి కొండ ఎక్కాక మళ్లీ ఆ ఒడ్డు చూడనేలేదు. ఇప్పుడు కాళ్లు కూడా సాగడం లేదు.

రోజూ పొద్దున్నే గుమ్మంలో ఎండకు కూర్చుని పుట్టింటి కబుర్లు చెప్పేది. అమ్మ చేపలు ఆరబెట్టే ఇసుక, నాన్న పడవ, ఆ పడవ కింద నీళ్లు.

ఒకరోజు చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"మావా, ఆ నీళ్ల రంగు ఎలా ఉండేదో గుర్తు రావడం లేదు" అంది.

ఆ తర్వాత ఆమెకు అన్నం సయించలేదు. నీళ్లు తాగమన్నా తల తిప్పుకునేది. లింగన్నకు దిగులు పట్టుకుంది.

ఆ మాట సూర్యుడి చివరి కూతురు కూడా వింది. ఆమె అక్కలు రంగురంగుల కిరణాలు, అందరికీ కనిపిస్తారు. ఈమెకు వాళ్లకంటే బలం ఎక్కువ, కానీ ఎవరి కంటికీ కనిపించదు. రోజూ గవిరమ్మ చేతిమీద వాలి ఆ కబుర్లన్నీ వినేది ఈమే.

ఆ రంగు ఇంకా సముద్రంలో అలాగే ఉందని ముసలమ్మకు ఎలా చూపాలి? వెళ్లి బండరాయిని సాయం అడిగింది. బండ ఆమెను మింగి, కాస్త వేడెక్కి ఊరుకుంది. వాగును అడిగింది. వాగు దారి ఇచ్చింది గానీ రంగు ఇవ్వలేదు. చివరికి వేగిస చెట్టు దగ్గరికి వెళ్లింది.

"నా చేవలోని రసం లింగన్న గ్లాసు నీళ్లలోకి దిగింది. అందులోకి వెళ్లు" అంది చెట్టు. "కానీ వెళ్లినదానివి వెళ్లినట్టు బయటికి రాలేవు. నీ బలంలో కొంత అక్కడ వదిలెయ్యాలి. అది నీళ్లకు వెచ్చదనమవుతుంది. అంత బలం తగ్గితే నువ్వు నీలం అవుతావు. నీలం మనుషులకు కనిపిస్తుంది."

అక్కడే ఉండిపోవచ్చా అని అడిగింది కిరణం. రెప్పపాటు కూడా ఉండలేవు, వెంటనే బయటికి రావాలి అంది చెట్టు.

కిరణానికి ఏడుపొచ్చింది. నాన్న తనకిచ్చింది ఆ బలం ఒక్కటే. గుమ్మం వైపు చూసింది. గవిరమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కన గ్లాసు నిండుగానే ఉంది.

ఇంకేమీ ఆలోచించకుండా నీళ్లలోకి దూకింది.

తేనెరంగు నీళ్ల అంచు నీలంగా వెలిగింది. గవిరమ్మ వంగి చూసింది.

"మా నాన్న పడవ కింద ఇదే రంగు, మావా" అంది.

ఆ నీలం చెదిరిపోకుండా దాచుకోవాలని గ్లాసును ఇంట్లో పెట్టించింది. లోపలికి వెళ్లగానే నీలం పోయింది. లింగన్న కంగారుపడి మళ్లీ ఎండలోకి తెచ్చాడు. ఆమెలాగే కంటికి కనిపించని కొత్త కిరణాలు దూకాయి, నీలం తిరిగొచ్చింది. దాచుకునేది కాదని గవిరమ్మకు అర్థమైంది. గ్లాసెత్తి నీళ్లన్నీ తాగింది. ఆ రోజు అన్నం కూడా తింది, తింటూ సముద్రం కబుర్లు చెబుతూనే ఉంది.

అప్పటినుంచే వేగిస గ్లాసులో నానిన నీళ్లు ఎండ తగిలితే నీలంగా మెరుస్తాయి, నీడలోకి రాగానే మామూలు తేనెరంగు నీళ్లయిపోతాయి.