టోపీ కోసం అలిగిన సూర్యుడు

ఒకప్పుడు జర్మనీ దేశంలో కూడా, మన దగ్గరలాగే, సూర్యుడు మగవాడే. మీసాలుండేవో లేదో నాకు తెలియదు గానీ, కుళ్ళు మాత్రం బోలెడంత ఉండేది.

ఆ దేశంలో చలి ఎక్కువ. బోడితలతో తిరిగితే చెవులు గడ్డకట్టుకుపోతాయి. అందుకని అక్కడ మనుషులకే కాదు, సూర్యుడికీ, తలుపుకీ, చెంచాకీ, కత్తికీ కూడా టోపీలు పెట్టేవాళ్ళు. ఆ టోపీలన్నీ అల్లేది హిల్డె అవ్వ.

అవ్వ పద్ధతి చాలా తేలిక. మగవాళ్ళకి నీలం టోపీ, దాని పేరు డేర్. ఆడవాళ్ళకి పసుపు టోపీ, దాని పేరు డీ. మిగతా వస్తువులన్నిటికీ ఆకుపచ్చ టోపీ, దాని పేరు డాస్. ఎవరినైనా పిలవాలంటే ముందు టోపీ పేరు చెప్పాలి, తరవాత అసలు పేరు చెప్పాలి. టోపీ వదిలేసి పిలిస్తే అక్కడ చెంచా కూడా పలికేది కాదు. అయినా ఆ రోజుల్లో పిల్లలకి ఇదంతా ఒక్క పూటలో వచ్చేసేది. అదృష్టవంతులు!

అవ్వకి ఒక పట్టింపు ఉంది. ఒకసారి ఒకరి తల మీద పెట్టిన టోపీని ఆమె మళ్ళీ ముట్టుకోదు. పెట్టుకున్నవాళ్ళు తమంతట తాము తీసి ఇవ్వాల్సిందే.

ఒక చలికాలం అవ్వ తన మనవరాలు ఫ్రీడాకి పసుపు టోపీ అల్లింది. ఇంట్లో ఉన్న పసుపు ఉన్ని అంతా దానికే అయిపోయింది. పైన ఇంత లావు కుచ్చు కూడా పెట్టింది. ఫ్రీడా అది పెట్టుకుని మంచులో గెంతుతుంటే చూసినవాళ్ళందరూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు.

ఆ మాట సూర్యుడి చెవిన పడింది. ఇంకేముంది, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆయన దగ్గర నిప్పులకి కొదవా!

"లోకానికి వెలుగిచ్చేది నేనా, ఆ గుప్పెడంత పిల్లా? దానికేమో కుచ్చు టోపీ, నాకేమో వెలిసిపోయిన నీలం టోపీనా?" అని గొణుక్కుంటూ అవ్వ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, నాకూ అలాంటిదే అల్లు."

"పసుపు ఉన్ని అయిపోయింది నాయనా. రంగు వెయ్యాలంటే పసుపు పూలు కావాలి. పూలు పుయ్యాలంటే నువ్వు కాయాలి."

"టోపీ ఇస్తేనే కాస్తాను."

"నువ్వు కాస్తేనే కదా టోపీ!"

"అయితే ఆ పిల్లది తీసి ఇవ్వు."

"అది దాని టోపీ. నేను ముట్టుకోను," అంది అవ్వ.

సూర్యుడు మూతి ముడుచుకున్నాడు. మబ్బు దుప్పటి తల మీదిదాకా లాక్కుని ముసుగు తన్ని పడుకున్నాడు.

ఏరు గడ్డకట్టింది. పాలు గిన్నెలోనే రాయిలా అయిపోయాయి. ఇంట్లో కట్టెలు కూడా నిండుకున్నాయి. అవ్వ వేళ్ళు కొయ్యబారిపోయి, అల్లిక సూదులు చేతిలోంచి జారి కింద పడ్డాయి. వంగి తీసుకోవడానికి కూడా ఆమెకి చేత కాలేదు.

ఫ్రీడాకి ఆ టోపీ అంటే ప్రాణం. నిద్రలో కూడా తీసేది కాదు. కానీ అవ్వ వేళ్ళు చూసేసరికి దానికి ఏడుపొచ్చింది. పరిగెత్తుకుంటూ కొండ ఎక్కి గట్టిగా అరిచింది.

"ఇదిగో, తీసుకో! మా అవ్వ చేతులు వెచ్చబడితే చాలు!"

ముసుగులోంచి ఒక కన్ను బయటికొచ్చింది. "కుచ్చుతో సహానా?"

"కుచ్చుతో సహా!" అంది ఫ్రీడా, ముక్కు ఎగబీలుస్తూ.

సూర్యుడు ఆ టోపీ లాక్కుని పెట్టుకున్నాడు. అది ఆడవాళ్ళ టోపీ కదా, పెట్టుకోగానే సూర్యుడు కాస్తా సూర్యమ్మ అయిపోయింది. ఆమె ఏమీ బాధపడలేదు. ఏటి మంచులో నీడ చూసుకుని తెగ మురిసిపోయింది. ఆ మురిపెం వేడికి మంచు కరిగింది, పూలు పూశాయి, అవ్వ వేళ్ళు మళ్ళీ ఆడాయి.

ఎప్పుడూ చీకట్లో తిరగడంవల్ల అవ్వ కంట పడక, చందమామ అప్పటిదాకా బోడితలతోనే ఉన్నాడు. సూర్యమ్మ విసిరేసిన నీలం టోపీ ఏరుకుని పెట్టుకున్నాడు.

అవ్వ పూలు కోసి, ఫ్రీడా కోసం కొత్త ఉన్నికి రంగు వేసింది. కానీ ఇంట్లో సామానంతా జరిగింది చూసింది కదా! "అలిగినవాళ్ళకే పసుపా? నేనూ అలుగుతాను," అని ఫోర్కు వంగిపోయి కూర్చుంది. పసుపు టోపీ కొట్టేసింది. దాన్ని చూసి ఓర్వలేక చెంచా నీలం టోపీ కావాలని పేచీ పెట్టింది. "వాళ్ళిద్దరికీ లేని రంగు నాకుంటే చాలు," అని కత్తి ఆకుపచ్చలోనే ఉండిపోయింది. తలుపైతే పసుపు టోపీ పెట్టేదాకా మూసుకోనంది. అవ్వకి విసుగొచ్చి, ఎవరికి ఏది చేతికొస్తే అది పడేసింది.

ఫ్రీడా వంతు వచ్చేసరికి ఆకుపచ్చ ఉన్ని ఒక్కటే మిగిలింది.

"పోనీలే అవ్వా, వెచ్చగానే ఉంది," అంది ఫ్రీడా. అంది గానీ, సూర్యమ్మ నెత్తి మీద తన కుచ్చు కనబడినప్పుడల్లా దాని కడుపు రగిలిపోయేది. రగలదా మరి!

అంతలో సూర్యమ్మ చందమామని చూసింది. "నా నీలం వాడికే బాగుందే!" అనుకుంది. తరవాత ఫ్రీడాని చూసింది. "ఆ ఆకుపచ్చ ఇంకా బాగుందే!" అనుకుంది. మళ్ళీ మబ్బు దుప్పటి లాక్కుంది.

ఈసారి ఫ్రీడా రెండు చేతులతో టోపీ పట్టుకుని అరిచింది. "ఇది మాత్రం ఇవ్వను పో!"

అప్పటినుంచే ఆ దేశంలో సూర్యుడు ఆడది, చందమామ మగవాడు, ఆడపిల్ల అన్న మాటకేమో కత్తితో పాటు ఆకుపచ్చ టోపీ. నవ్వకండి, మనం మాత్రం "పిల్ల వచ్చింది, పిల్లి వచ్చింది" అనటంలేదూ? ఎవరికి ఏ టోపీయో చెప్పే పద్ధతి పోయింది కాబట్టి, ఆ భాష నేర్చుకునేవాళ్ళు ఒక్కో పేరునీ దాని ముందుండే డేర్, డీ, డాస్ టోపీతో సహా బట్టీ పట్టాల్సిందే. అప్పటినుంచే అక్కడ చలికాలంలో సూర్యమ్మ మబ్బు చాటున అలిగి కూర్చుంటుంది. ఆడపిల్లలేమో గడప దాటేముందు టోపీని రెండు చెవుల మీదికీ గట్టిగా లాక్కుంటారు.