మారు వడ్డన

సర్పంచు ఓబులేసుకు కొన్నాళ్లుగా తిండి సయించడం లేదు.

పంచాయతీకి ఈ ఏడు వచ్చిన నిధులు ఒక్క పనికే చాలుతాయి. బజారువీధి వాళ్లు సిమెంటు రోడ్డు అడుగుతున్నారు. ఊరి బయట నాపరాళ్ల గనుల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్లు మంచినీళ్ల పైపు అడుగుతున్నారు.

బజారువీధికి రోడ్డు లేక కాదు. గెలిచిన ప్రతి సర్పంచూ రోడ్డు మీద రోడ్డు పోయించీ పోయించీ, ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. వాన పడితే నీళ్లు నేరుగా నట్టింట్లోకే. అయినా వాళ్లకు ఇంకో రోడ్డు కావాలి. అడిగితే వస్తుందని తెలుసు కాబట్టి అడుగుతారు. ఊళ్లో సగం ఓట్లు ఆ వీధివే మరి!

గనుల వాళ్లు తుంగభద్ర అవతలి నుంచి కూలికొచ్చిన జనం. ఇక్కడ వాళ్లకు ఓటు లేదు. గని గుంతల్లో నిలిచిన నీళ్లే తాగుతారు. సవారమ్మ అనే ఆమె మనవడు ఆ నీళ్లకే వాంతులు, విరేచనాలై ఆసుపత్రిలో పడ్డాడు. గండం గడిచింది గానీ, ఇంటికొస్తే మళ్లీ అవే నీళ్లు. చూడ్డానికి పోయిన ఓబులేసు ఏడుపు దిగమింగుకుంటూ తిరిగొచ్చాడు. పాపం, మా ఓబులేసు చెడ్డవాడేం కాదు. పిరికివాడు, అంతే.

గురువారం ఆయన దర్గాకు పోయాడు. అక్కడ జమాల్ సాబ్ ఉంటారు. ముసలాయన. ఓబులేసుకు చిన్నప్పటి నుంచీ ఆయనే గురువు.

"సామీ, పైపు వేస్తే బజారోళ్లు నన్ను ఓడిస్తారు. వేయకపోతే ఆ పిల్లోడు కళ్లలో మెదులుతాడు. వారానికో ట్యాంకరు పంపితే పుణ్యం దక్కుతుందా?"

"వాళ్ల పేర్లు ఈ ఊరి ఓట్ల జాబితాలో ఎక్కలేదా?"

ఓబులేసు మెడ గోక్కున్నాడు. "వాళ్లు ఈరోజుంటారు, రేపు పోతారు సామీ."

"వచ్చి ఎన్నాళ్లాయె?"

"ఎనిమిదేండ్లు."

అసలు సంగతి వేరే. ఓటర్ల పేర్లు రాసుకోడానికి వచ్చిన ఉద్యోగిని "వలసోళ్లు లే సార్" అని వెనక్కి పంపింది ఓబులేసే. గని యజమాని తిమ్మారెడ్డి ఆయన మీద పోటీ చేసే మనిషి. గనోళ్లకు ఓట్లొస్తే తిమ్మారెడ్డికే పడతాయని భయం.

ఆ దర్గాలో ఒక ఆనవాయితీ ఉంది. సందేహం మోసుకొచ్చినవాడు ఆ గురువారం బంతిలో వడ్డించాలి. జమాల్ సాబ్ గరిటె ఓబులేసు చేతికిచ్చారు.

బగారన్నం, దాల్చా. పప్పులో వేసిన మాంసం ముక్కలు గుండిగ అడుగునే ఉంటాయి కదా. ముందు వరసలో బజారువీధి వాళ్లు, వెనక గనుల వాళ్లు కూర్చున్నారు. ఓబులేసు హుషారుగా "తిను మామా, మొగమాటమొద్దు" అంటూ వడ్డించాడు. ముందు వరసలో గరిటె అడుగంటా పోయి ముక్కలతో పైకొచ్చింది. వెనక్కి పోయేసరికి పైపైన తేలి, నీళ్లతో వచ్చింది. ఆయనకది తెలియను కూడా లేదు. చేతికి అలవాటైన పని.

అందరికీ వడ్డించాక, జమాల్ సాబ్ లేచి వెనక వరసలోకి పోయారు. సవారమ్మ ముందు నిలబడ్డారు.

"తల్లీ, చెయ్యి కడుక్కోని రా. మారు వడ్డన నీది. నువ్వు కూర్చో ఓబులేసూ."

సవారమ్మ బెదిరిపోయింది. మెల్లగా గరిటె పట్టుకుంది. తనవాళ్ల దగ్గర మొదలుపెట్టి, గరిటెను బాగా అడుగుకి ముంచి ముంచి వేసింది. ముందు వరసకు వచ్చేసరికి సొరకాయ ముక్కలూ, పులుసూ మిగిలాయి. ఓబులేసు విస్తట్లో అవీ సరిగ్గా పడలేదు.

సిమెంటు అంగడి మద్దిలేటికి ఒళ్లు మండింది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. కాకపోతే ముందు కూర్చున్నా ఇంతే గతి!"

జమాల్ సాబ్ వచ్చి ఓబులేసు పక్కన కూర్చున్నారు. ఓబులేసు ఆగలేకపోయాడు.

"చూసినారా సామీ! గరిటె దొరికితే ఆమె కూడా నా మాదిరే చేసింది."

"చేసింది."

"మరి నాదే తప్పంటారేమి?"

"నేనేమంటి నిన్ను?"

నిజమే. ఆయన ఏమీ అనలేదు. ఓబులేసు కాసేపు అన్నం కెలికి, "మంచి మనిషిని వెతికి గరిటె ఇయ్యాల సామీ. అదొక్కటే దారి" అన్నాడు.

"ఉంటే చూపించప్పా, నేనూ మొక్కుతా. ఈ గుండిగ కాడ ఎంతోమందిని చూసినా. గరిటె పట్టినోని కన్నెప్పుడూ తనోళ్ల విస్తరి మీదే. నీకైతే, ఓటేసి గరిటె చేతికిచ్చినోళ్లే నీవాళ్లు."

ఓబులేసు చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"పేర్లెక్కిస్తే నన్ను ఓడిస్తారు సామీ."

"ఓడిస్తారేమో," అన్నారు జమాల్ సాబ్. "తిను. చల్లారిపోతాంది."

భోజనాలయ్యాయి. సవారమ్మ ఆసుపత్రిలో మనవడి దగ్గరున్న కూతురి కోసం ఇంత అన్నం మూట కట్టుకుని బయల్దేరింది. ఓబులేసు చేతులు కడుక్కుని వెనకే పోయాడు.

"అక్కా, రేపటి నుంచి ట్యాంకరు వస్తాది. అది సరే గానీ, సోమవారం మీవాళ్లందరూ ఆధార్ కార్డులు తీసుకోని ఆఫీసుకు రాండి. ఓటర్ల జాబితాలో పేర్లెక్కిద్దాం. పేరుంటే గ్రామసభలో కూర్చోవచ్చు. పైపు కావాల్నో, రోడ్డు కావాల్నో మీరూ చెయ్యెత్తి చెప్పొచ్చు."

సవారమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తమను వలసోళ్లన్నది ఈయనేనని గుడిసెల్లో అందరికీ తెలుసు.

"గట్లైతే ఓటు నీకే ఎయ్యాల్నా సారూ?"

వెనక నుంచి మద్దిలేటి చెవులు రిక్కించి వింటున్నాడు. ఎన్నో గడపలెక్కి ఓట్లడిగిన మనిషి ఓబులేసు. అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నీ ఇష్టమక్కా," అన్నాడు.