తోక ముద్ర గునపం

కొల్లేటి గట్టు మీద నక్క వాలయ్యకు పనిముట్ల కొట్టుంది. సరుకు అతను చేసింది కాదు. చలికాలంలో వచ్చే గూడబాతులు ఏ సముద్రాల అవతల నుంచో తమ గొంతుసంచుల్లో మోసుకొస్తాయి. వాలయ్య పిడి మీద తన తోక బొమ్మ అచ్చు గుద్ది, సొంత సరుకని, పూచీ తనదని చెప్పి అమ్ముతాడు. అందులో అతనికి సిగ్గేమీ లేదు.

ముంగిస సూరాలు ఆ కొట్లో, నేలలోకి తిప్పుతూ తవ్వే తిరుగుడు గునపం కొంది. వానలు దగ్గరపడ్డాయి. గట్టు కిందున్న ఆమె బొరియలోకి నీళ్లొస్తే, ఇంకా కళ్లు తెరవని పిల్లలు మునిగిపోతాయి. గట్టు పైన కొత్త బొరియ తవ్వుదామంటే నేలేమో రాయిలాంటి గరప, గోళ్లకు లొంగదు. సగం తవ్వేసరికి పిడినీ ఇనుమునీ కలిపే చిన్న సీల పుటుక్కుమంది.  సూరాలు పుట్టుబుద్ధి ఊరుకోదు కదా, విరిగిన ముక్కని వాసన చూసింది, కొరికి చూసింది. ఇంత మెత్తగా ఉందేంటి? దీన్ని చేసిందెవరు?

కొట్టుకి పరిగెత్తింది.

“షావుకారు గారూ, సీల విరిగింది. ఇంకోటి ఇప్పించండి.”

“సీలలు మా దగ్గరుండవు చెల్లెమ్మా. గూడబాతుల్నడుగు.”

“అవి కార్తీకందాకా రావు కదండీ!”

“అప్పుడే అడుగు.”

“మరి పూచీ మాదన్నారు?”

“అన్నాను. ముద్ర ఉన్నంతమేరకే పూచీ. ముద్ర పిడి మీదుంది. పిడి విరిగిందా? లేదు. అయినా నీకు తిప్పడం రాక విరగ్గొట్టావు.”

బేరమాడుతున్న తాబేలూ కొంగా ఇటు తిరిగాయి. సూరాలుకు ఒళ్లు మండింది. కానీ మెత్తగానే అంది.

“నిజమేనేమో. ఎలా తిప్పాలో తెలుసుకోవాలనుందండీ. కొత్తదానితో ఒక్కసారి చూపించరా?”

కొనేవాళ్ల ముందు కాదంటే పరువు పోతుంది. వాలయ్య కొత్త గునపం పట్టుకుని, తాబేలూ కొంగా వెంటరాగా వెళ్లి, సగం తవ్విన బొరియలో తలదూర్చి గిరగిరా తిప్పాడు. లోపల సీల పుటుక్కుమంది. పైనున్న మట్టి జారి అతన్ని కప్పేసింది. బయట తోకొక్కటే మిగిలింది.

“సూరాలూ! తియ్యవే నన్ను!”

సూరాలు ఆ తోక చుట్టూ తిరిగి చూసింది.

“షావుకారు గారూ, మీ ముద్ర ఏ బొమ్మండీ?”

“తోక!”

“తోక బాగానే ఉందండీ, చిన్న గీతైనా పడలేదు. మిగతా భాగం సంగతి గూడబాతుల్నే అడగాలేమో.”

కొంగ పకపకా నవ్వింది. “పోనీ, తోక పట్టి లాగుదామా?” అంది తాబేలు.

“అమ్మో, ముద్ర ఊడితే ఉన్న పూచీ కూడా పోతుంది.”

“ఊపిరాడట్లేదు తల్లీ! గల్లాపెట్టె వెనక సంచినిండా సీలలున్నాయి, తెచ్చుకో!”

“ఉండవన్నారు?”

తోక వాలిపోయింది. “సీల దొరికితే మళ్లీ గునపం ఎవరు కొంటారని దాచాను.”

కొంగ ఎగిరెళ్లి సంచి తెచ్చింది. సూరాలు తన పాత గునపానికి సీల బిగించి తవ్వింది. మరో రెండు సీలలు విరిగాక వాలయ్య బయటపడ్డాడు. అతన్ని తీసేందుకు తవ్విన తవ్వకానికి బొరియ కూడా పూర్తయింది. తొలి చినుకు పడేసరికి పిల్లలు అందులో వెచ్చగా పడుకున్నాయి. సంచి మాత్రం తిరిగి గల్లాపెట్టె వెనక్కి పోలేదు. సూరాలు దాన్ని అందరికీ అందేలా కొట్టు గుమ్మానికే వేలాడదీసింది.

నీతి: పూచీ ఎంతవరకో కొనకముందే అడగాలి, ఇరుక్కున్నాక తోకే మిగులుతుంది.