చెలమ గంప వ్యాజ్యం

ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో ఈమధ్య నాకు తారుమారవుతోంది. ఈ కథలోనూ అలాంటిదేమైనా దొర్లితే సర్దుకొని చదవండి.

ఎర్రవంక అడవిలో ఎండాకాలం వస్తే వాగులో నీళ్లు ఇసుక అడుగుకు దిగిపోతాయి. ఇసుక తవ్వి చెలమ చేస్తే, గుక్కెడు తాగేలోపే గోడలు కూలి పూడిపోతుంది. ఒంటినిండా పొలుసులుండే ఓబులమ్మ అనే అలుగు ఈత కమ్మలతో అడుగు లేని గంప అల్లి చెలమలో దించింది. ఇసుక ఆగింది, నీళ్లు నిలిచాయి. అడవంతా వచ్చి తాగింది.

ఆ తర్వాత ఎక్కడినుంచో అడవిపందుల మంద దిగింది. దాని పెద్ద భూపతి. మంద వాగు పొడుగునా అవే గంపలు దించి, తాగినవాళ్లు దుంపలు ఇచ్చుకోవాలని కాపలా పెట్టింది. ఓబులమ్మ ఇంకో గంప దించబోతే, "ఈ పని మాది, నువ్వు చేయకూడదు" అని తరిమింది.

ఓబులమ్మ గాడిద వకీలు వరదయ్యను పెట్టుకుంది. గంప తను కనిపెట్టిందేనని ఆమె వేసిన వ్యాజ్యం ఎలుగుబంటి న్యాయాధికారి ముందుకు వచ్చింది.

భయమేస్తే అలుగులు ఉండ చుట్టుకుంటాయి. కోర్టులో అలా చుట్టుకుంటే మర్యాదగా ఉండదని వరదయ్య ముందే చెప్పాడు. ఓబులమ్మ బిగబట్టుకొని కూర్చుంది.

పందుల వకీలు నక్క శేషాద్రి లేచాడు. "అయ్యా, ఆ గంప ఓబులమ్మ అల్లిందే, కాదనం. అందులో కొత్తేముంది? తాతలనాటి నుంచి అన్ని అడవుల్లోనూ ఉన్నదే. అందరి సొత్తు పట్టుకొని నాదంటే ఎలా?"

వరదయ్య నెమ్మదిగా తలూపాడు. "నిజమేనయ్యా. నాకూ అలాగే అనిపిస్తోంది."

ఓబులమ్మ సగం చుట్టుకుపోయింది. "వరదన్నా, నువ్వు ఎవరి వకీలువి?" అని గొణిగింది.

"నీ వకీలునేనమ్మా. కాస్త ఓపిక పట్టు." వరదయ్య న్యాయాధికారి వైపు తిరిగాడు. "అందరిదీ అయినప్పుడు దుంపలెందుకివ్వాలి? కాపలా ఎత్తేయమని రాయండి. ఎవరి గంప వాళ్లు అల్లుకుంటారు."

"సబబుగానే ఉంది" అని ఎలుగుబంటి రాయడం మొదలుపెట్టాడు. వెనక కోతులు అప్పుడే ఈత కమ్మల కోసం లేచాయి.

భూపతి దిగ్గున లేచాడు. "ఆగండయ్యా. అంత చవకదా అది?"

"మీరు కూర్చోండి" అన్నాడు శేషాద్రి మెల్లగా.

"నువ్వు కూర్చోవయ్యా. పోయే దుంపలు నీవా, నావా?" భూపతి ముందుకొచ్చాడు. "తాతలనాటిదట. మా అడవిలో ఉందా? పక్క అడవిలో ఉందా? ఎక్కడా లేదు. చెలమ కూలని అడవి ఒకటుందని విని, పిల్లాజెల్లాతో ఇంత దూరం నడిచొచ్చాం. ఊరికే వస్తామా?"

శేషాద్రి తన తోకను శ్రద్ధగా చూసుకున్నాడు.

"అంటే మీరు వచ్చేనాటికే అది ఇక్కడుంది. ఇంకెక్కడా లేదు" అన్నాడు వరదయ్య.

"లేదనే కదా మొత్తుకుంటున్నా" అన్నాడు భూపతి.

"నేను అడగాల్సింది ఇంకేం లేదయ్యా" అని వరదయ్య కూర్చున్నాడు.

ఎలుగుబంటి రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. గంప ఓబులమ్మ కనిపెట్టిందే. ఆమె ఒప్పుకుంటేనే ఇంకొకరు దించాలి. గుంజుకున్న దుంపలు ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి.

"ఇలా చేస్తానని నాతో ముందే చెప్పొచ్చు కదన్నా" అంది ఓబులమ్మ బయటికొచ్చాక.

"చెబితే నీ మొహం చూసి నక్క కనిపెట్టేసేవాడు."

మర్నాడు పందులు నీళ్ల కోసం కుందేళ్ల వెనక వరసలో నిలబడ్డాయి. "నన్నెందుకు ఆపలేదు?" అని భూపతి నక్కను నిలదీశాడు.

"ఆపాను. కూర్చోమన్నాను" అన్నాడు శేషాద్రి, వరసలో అతని వెనకే నిలబడి.

నీతి: ఎదుటివాడి పనికి విలువ లేదని చెప్పి కాజేసినవాడు, దాని విలువ తన నోటితోనే చెప్పి దొరికిపోతాడు.

నాగమణీ, ఈ కథ సాపు రాసేముందు అలుగు పేరూ గాడిద పేరూ అంతటా ఒకలాగే రాశానో లేదో ఒకసారి చూసిపెట్టవే.