నేలకన్ను పువ్వు

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దు వాలకముందే కొండ నీడ ఇళ్ళ మీద పడే ఊళ్ళో, సన్నమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ఆ నీడలోనే ఆగిపోతుంది.

సన్నమ్మకి గడ్డపూలంటే పిచ్చి. గడ్డపూలంటే తెలుసుగా? ఉల్లిగడ్డలా నేలలో దాక్కుంటాయి. ఎండాకాలమంతా చచ్చినట్టు పడుకుని, వాన పడగానే లేచి పూస్తాయి. ఆవిడ పెరట్లో వానపువ్వులుండేవి, నేలసంపెంగలుండేవి, ముట్టుకుంటే దురదపెట్టే నక్కఉల్లి కూడా ఉండేది. ఎండాకాలం గడ్డలన్నీ తవ్వి బూడిదలో పొర్లించేది. ఏది ఏదో మరిచిపోకుండా ఒక్కో రకానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టేది. అప్పుడు గంపలో వేసి చూరుకి వేలాడదీసేది.

సన్నమ్మకి ఒక్కతే కూతురు. పేరు పైడి. అచ్చం నీ ఈడుదే.

ఆ ఊరి కొండ మీద ఒక పువ్వు పూసేది. దాని పేరు నేలకన్ను. ఆకు ఉండదు, కాడ కనపడదు. తొలివానకి మట్టి పగిలి, లేత వంకాయ రంగు దొప్పలా నేలలోంచే విచ్చుకుంటుంది. నడిమధ్యన పసుపు చుక్క. వంగి చూస్తే మనం దాన్ని చూస్తున్నామా, అది మనల్ని చూస్తోందా తెలీదు.

కొండ మీద గడ్డలు తవ్వుకుని బతికే ముసలావిడ ఒకామె ఉండేది, ఎరకమ్మవ్వ. ఎవరొచ్చి అడిగినా ఆవిడ ఒకటే మాట చెప్పేది. "పిల్లగడ్డను తెచ్చుకోండర్రా. తల్లిగడ్డను నేలలోనే ఒగ్గేయండి."

"పిల్లగడ్డ పూయాలంటే మూడేళ్ళు పడుతుంది కదవ్వా?" అంది సన్నమ్మ.

"పట్టనీ. నీ పైడి పుట్టినరోజే పరిగెత్తిందేటే?"

సన్నమ్మ నవ్వేసింది. కానీ మూడేళ్ళు ఆగలేకపోయింది. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కొండ మీద పిట్ట కూడా లేని వేళ, గునపం పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. తవ్వగా తవ్వగా పిడికెడంత తల్లిగడ్డ కనపడింది. దాని నడుముని కరుచుకుని ఐదు పిల్లగడ్డలున్నాయి, సెనగగింజలంతేసి. సన్నమ్మ తల్లిని పట్టి లాగింది. టప్పు, టప్పు, టప్పు... ఐదుసార్లు చప్పుడైంది. పిల్లల్ని గుంతలోనే వదిలేసి, గుంత కూడా పూడ్చకుండా దిగి వచ్చేసింది.

ఆ తర్వాత తొలివాన పడింది. తెల్లారేసరికి సన్నమ్మ పెరట్లో నేలకన్ను విచ్చుకుంది. ఊరి ఆడవాళ్ళంతా చూడడానికి వచ్చారు. "ఓలమ్మో, ఇంతలేసి పువ్వే! ఏం పోసి పెంచావే?" అన్నారు. "నా చెయ్యి అలాంటిది లెండి" అంది సన్నమ్మ.

ఆ రోజే కొండ దారి మొదట్లో ఇంకో పువ్వు పూసింది. చిన్నది, ఒంటరిది. అక్కడ ఎప్పుడూ ఏ పువ్వూ పూయలేదు. పువ్వులన్నీ పొద్దువైపు తిరుగుతాయి కదా, అది మాత్రం సన్నమ్మ ఇంటివైపు తిరిగి ఉంది.

ఆ సాయంత్రం సన్నమ్మ, "పైడీ, అన్నానికి రావే" అని పిలిచింది. గుమ్మంలో కూర్చున్న పైడి తల తిప్పలేదు. మూడుసార్లు పిలిచాక తిరిగి, "నన్నేనా అమ్మా? ఇంకెవరినో అనుకున్నాను" అంది.

మర్నాడు ఎరకమ్మవ్వ వచ్చింది. "కొండ మీద గుంత నోరు తెరుచుకుని ఉందే. ఎవరు తవ్వారు?"

"నాకేటి తెలుసవ్వా? నాది పిల్లగడ్డే. ఎప్పుడో తెచ్చుకున్నది."

"పిల్లగడ్డకి అంత పువ్వా? తవ్వి చూపించు."

"పువ్వు వాడనీ, రేపు చూపిస్తాలే" అంది సన్నమ్మ. అవ్వ అటు వెళ్ళగానే తల్లిగడ్డను పెకలించింది. పువ్వు తుంచేసి, గడ్డను బూడిదలో పొర్లించి, అదొక్కటే తేడాగా కనపడకుండా, గంపలో నాటక మిగిలిన గడ్డల పీలికలన్నీ ఊడదీసి, వాటి మధ్య దాచేసింది. అవ్వ మళ్ళీ వస్తే, "పందికొక్కు ఎత్తుకుపోయిందవ్వా" అంది.

"పందికొక్కు ముట్టని గడ్డ అదొక్కటే సన్నమ్మా" అని అవ్వ కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు రెండో వాన పడింది. ఈసారి సన్నమ్మ కంచె పక్కనే మూడు పువ్వులు, వరసగా. మూడూ గుమ్మంవైపే చూస్తున్నాయి. పైడి కాళ్ళు చల్లబడ్డాయి. ఒళ్ళంతా తడిమట్టి వాసన. సన్నమ్మ సున్నిపిండితో రుద్దింది, కుంకుడురసంతో రుద్దింది. వాసన పోలేదు. పైడి మంచం దిగి వట్టి నేల మీద పడుకుని, చెవి నేలకి ఆనించి, "ఎంత మెత్తగా ఉందో అమ్మా" అంది.

ఆ తర్వాత మూడో వాన. తెల్లవారి చూస్తే పువ్వు ఇంట్లోనే పూసింది. పేడతో అలికిన నేల పగిలి, సరిగ్గా పైడి మంచం కింద. మంచం మీద పైడి కళ్ళు తెరవలేదు. ఊపిరి ఉంది కానీ, ఎప్పటికోగాని ఒకటి రాదు. ఎండాకాలంలో గడ్డ పడుకున్నట్టు పడుకుంది. ఒక పిడికిలి మాత్రం బిగించి ఉంది.

దగ్గరికి రా. భయమేం లేదు, నేనున్నానుగా.

సన్నమ్మ పరిగెత్తుకెళ్ళి ఎరకమ్మవ్వ కాళ్ళ మీద పడింది. "తల్లిని నేనే తెచ్చానవ్వా. నా పిల్లని బతికించు."

"ఆ పిల్లలు తల్లిని వెతుక్కుంటూ నేల కిందనుంచి నడిచొచ్చాయే. తల్లి దొరకలేదు. నీ పిల్లని తమతో తీసుకుపోతున్నాయి. పొద్దు కొండ వెనక్కి వెళ్ళేలోగా తల్లిని ఆ గుంతలో పెట్టు. గుంత ఒక్కసారే మూసుకుంటుంది. తప్పు గడ్డ పెట్టావో, మరి తెరుచుకోదు."

"అయితే నువ్వొచ్చి గుర్తుపట్టవ్వా."

"నా చెయ్యి చెల్లదు. విడదీసినోళ్ళే గుర్తుపట్టాలి."

సన్నమ్మ ఇంటికి వచ్చి గంప దింపింది. గడ్డలన్నిటికీ బూడిదే. వాసన చూసి కొన్ని పక్కన పెట్టింది. గిల్లి చూసి, దురదపెట్టినవి పక్కన పెట్టింది. చివరికి మూడు మిగిలాయి. మూడూ పిడికెడంతేసి, మూడింటికీ గోధుమరంగు పొరే. ఆకు లేదు, పువ్వు లేదు, తనే ఊడదీసిన పీలిక ఇప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? కొండ నీడ అప్పటికే గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడు ఆవిడ చేతులకి ఆ చప్పుడు గుర్తొచ్చింది. టప్పు, టప్పు. మొదటి గడ్డ నడుము తడిమింది. నున్నగా ఉంది. రెండోది తడిమింది. అదీ నున్నగానే ఉంది. మూడోదాని నడుముకి ఐదు చోట్ల బూడిద అంటలేదు. ఇన్ని రోజులైనా ఆ ఐదు మచ్చలూ ఆరలేదు. వేలు పెడితే తెల్లగా, గోరువెచ్చగా తగిలింది.

పాలు.

సన్నమ్మ ఆ గడ్డను గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ తర్వాత మంచం కింద తవ్వింది. పువ్వు చేతికొచ్చింది కానీ దాని కింద గడ్డ లేదు. బిగించిన పైడి పిడికిలి వైపు చూసింది. తెరవబోతే అది విడలేదు. పైడిని చంకనేసుకుని, కంచె దగ్గర మూడు, కొండ దారిలో ఒకటి తవ్వి ఒడిలో వేసుకుని, కొండెక్కింది.

మూడు వానలు కురిసినా ఆ గుంతలో చుక్క నీళ్ళు లేవు. సన్నమ్మ తల్లిగడ్డను అందులో పెట్టింది. నాలుగు పిల్లల్నీ నాలుగు మచ్చలకి ఆనించింది. ఐదో మచ్చ ఖాళీగా ఉంది. అప్పుడు పైడి పిడికిలి దానంతటదే విడింది. అందులోంచి సెనగగింజంత గడ్డ జారి, దాని చోట్లో అది కూర్చుంది. సన్నమ్మ చెయ్యి వేయకముందే మట్టి దగ్గరికి జరిగి మూసుకుంది.

"అమ్మా, ఎంతసేపటికొచ్చావే!" అని వినపడింది.

చూస్తే పైడి కళ్ళు తెరిచి ఉంది. ఆ మాట చంకలోంచి వచ్చిందో, కాళ్ళ కిందనుంచి వచ్చిందో సన్నమ్మకి తెలీలేదు. రెండింటికీ కలిపి, "వచ్చేశానే, వచ్చేశాను" అంది.

ఆ తర్వాత ఆవిడ పిల్లగడ్డలే తెచ్చుకుంది, మూడేసి ఏళ్ళు ఎదురుచూసింది. పైడి పెద్దదై, పెళ్ళాడి, ముసలిది కూడా అయింది. కానీ అరచేతిలో సెనగగింజంత వంకాయరంగు మచ్చ మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

ఏమిటే, నా చెయ్యి తిప్పి చూస్తున్నావు? దీపం మసకగా ఉంది, ఏం కనపడుతుంది? పొద్దున చూద్దువుగాని. కళ్ళు మూసుకో.

గడ్డ మట్టికి, వాన చెట్టుకి,
పిల్ల తల్లికి, తల్లి కొండకి,
కథ కంచికి, మనం ఇంటికి,
నిద్ర నీ కంటికి.