డబ్బాలో మిగిలిన మాత్రలు

ఎస్తేరమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ చేతికి పని ఇచ్చేది. కట్టు కట్టే గాజ్ గుడ్డ ముందు పడేసి, ముక్కలు కోసి నాలుగు మడతలు పెట్టమనేది. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు వినరని, అవతలివాళ్ళ మాట ఎప్పుడు అయిపోతుందా, తమ మాట ఎప్పుడు అందుకుందామా అని కాచుకుని కూర్చుంటారని ఆమె అనుభవం. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద తెలంగాణకు వచ్చి, ముప్పై అయిదేళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక కూడా పల్లెల్లో పనిచేసే నర్సులకు పాఠాలు చెప్పిన మనిషి. గురువంటే గడ్డమూ పీఠమూ ఉండాలనుకునేవాళ్ళ కంటికి ఈమె ఆనదు. ఆనకపోతే పోనీ.

ఒకరోజు స్వరూప వచ్చింది. ఎస్తేరమ్మ దగ్గరే చదువుకుని, రెండేళ్ళుగా ఒక పల్లెలో నర్సుగా ఉన్న పిల్ల. చెప్పులు విడుస్తూనే అడిగేసింది.

"మేడమ్, పేషెంటు మంచి కోసం అబద్ధం చెప్పొచ్చా?"

ఎస్తేరమ్మ ఆమె చేతికి కత్తెరా గుడ్డా అందించింది. "ఎవరు చెప్పమన్నారు?"

"ఆమె పెనిమిటే. సత్తెమ్మ అని, బడిల వంట చేస్తది. రొమ్ముల గడ్డ. పట్నంల పరీక్ష చేపిస్తే క్యాన్సర్ అని వచ్చింది. ఆయన మంచోడే మేడమ్. నా ముందల కూసొని ఏడ్సిండు. పేరు చెప్తే తట్టుకోదు, వట్టి గడ్డ అని చెప్పు బిడ్డా అన్నడు. ఆపరేషన్‌కు ఆయనే తీస్కపోతడట."

"నువ్వేమన్నావు?"

"సరే అన్న."

"మడత వంకర పోతోంది, చూసుకో" అని ఎస్తేరమ్మ తన కథ మొదలుపెట్టింది. కథ అంటే ఆమె ఒప్పుకునేది కాదు. జరిగిందే అనేది.

ఆమె అప్పటికి ముప్పై ఏళ్ళది. బీడీలు చుట్టే ఊళ్ళో పోస్టింగు. ఆ ఊళ్ళో ఏ ఇంటి అరుగు చూసినా ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతూ ఉండేవారు. భూలక్ష్మి అలాంటి కోడలు. ఇద్దరు పిల్లల తల్లి. దగ్గుతూ వచ్చింది, కళ్ళె పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగితే పోయే జబ్బే. కానీ కాగితం భూలక్ష్మి చేతికి రాకముందే ఆమె అత్త సాయవ్వ ఎస్తేరమ్మను ఆస్పత్రి వెనక్కు పిలుచుకుపోయి చేతులు పట్టుకుంది.

"దానికి గా పేరు చెప్పకుర్రి అమ్మా. దాని నాయన గదే రోగంతోని పోయిండు. పేరు వింటేనే నా కోడలు సచ్చిపోతది."

సాయవ్వ గయ్యాళి అయితే ఎస్తేరమ్మ ఆమెను కసిరి పంపేసేది. కానీ ఆ ముసలమ్మ కోడలి కోసం ఏడుస్తోంది. కోడలి కోసం ఏడ్చే అత్తకు ఎవరు ఎదురుచెప్తారు? పైగా ఆ పేరు నోటితో పలకనక్కర లేకపోవడం నర్సుకూ సుఖంగానే ఉంది. ఈ సుఖానికే మనం తెల్లచీర కట్టి ధైర్యం చెప్పడం అని పేరు పెట్టుకున్నాం.

"దుమ్ముకు పట్టిన దగ్గమ్మా, బలానికి మాత్రలిస్తాను, ఆరు నెలలు మింగాలి" అని ఎస్తేరమ్మ భూలక్ష్మికి చెప్పింది. మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తే భూలక్ష్మి భయపడి వచ్చింది. వేడి చేసిందిలే అని, మజ్జిగ తాగమంది ఎస్తేరమ్మ. ఒక అబద్ధం ఆడాక రెండోదానికి గొంతు పెగల్చుకోవలసిన పని ఉండదు.

రెండు నెలలకు భూలక్ష్మి ఒళ్ళు చేసింది. నెలనెలా తప్పకుండా వచ్చి మాత్రలు తీసుకువెళ్ళింది. ఆరు నెలలు నిండాక ఎస్తేరమ్మ రిజిస్టరులో 'వైద్యం పూర్తి' అని తన చేత్తో రాసింది.

ఏడాది తిరక్కుండానే భూలక్ష్మికి దగ్గులో రక్తం పడింది. కబురు విని ఎస్తేరమ్మ వాళ్ళింటికి పరుగెత్తింది. భూలక్ష్మి అరుగు మీద గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. ఎముకల గూడైంది. అయినా నర్సమ్మను చూసి నవ్వింది.

"మాత్రలన్నీ వేసుకున్నావా, భూలక్ష్మీ?"

"ఎందుకు ఏసుకుంట? రెండు నెల్లకే మంచిగైతిని" అని లోపలికెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో మాత్రల అట్టలు, పురుగు పట్టకుండా వేపాకు వేసి, వరసగా పేర్చి ఉన్నాయి. "ఇంత మంచి మందు ఉట్టిగ మింగుడెందుకని అత్తకు తెల్వకుండ దాసిన. రేపు పిల్లలకు దగ్గొస్తే ఉంటయి గద. మొన్న నాకు దగ్గు మళ్ళస్తే నాలుగు దినాలు ఏసుకున్న. తక్కువ కాంగనే ఆపిన."

ఆ ఇల్లాలి ముఖంలో గర్వం ఉంది. పిల్లల కోసం తన నోటి దగ్గరిది తీసి దాచిన తల్లి గర్వం. ఎస్తేరమ్మ ఆ డబ్బాలోకి చూస్తూ నిలబడిపోయింది. మొదటిరోజే చెప్పవలసిన పేరు అప్పుడు చెప్పింది.

భూలక్ష్మి చేతులు ఆగలేదు. ఒక బీడీ చుట్టి, దారం కట్టి, తెంపింది.

"మా నాయన రోగమా?"

"అవునమ్మా."

"మా నాయన గిట్లనే తక్కువైందని నడుమ మందు ఇడిసిపెట్టిండు. అందుకే పోయిండని మా అమ్మ సచ్చేదాక మొత్తుకున్నది." మరో ఆకు తీసుకుంది. "గా పేరు చెప్తే ఒక్క గోలీ ఇడువకపోదును గదమ్మా."

ఆ తరవాత జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయారు. మందులు మార్చారు. ఆపి ఆపి మింగిన ఒంట్లో జబ్బు మొండికెక్కి ఉంది, ఏ మందుకూ లొంగలేదు. ఎండాకాలం రాకముందే భూలక్ష్మి పోయింది. దినాలు అయ్యాక సాయవ్వ చిన్న మనవరాలిని చంకన వేసుకుని ఆస్పత్రికి వచ్చింది, తిట్టడానికేమో అనుకుంది ఎస్తేరమ్మ. తిట్టించుకోవడానికి సిద్ధంగా కూడా ఉంది. కానీ ముసలమ్మ తిట్టలేదు.

"నువ్వు నా మాట కాదనలేదు బిడ్డా. నీ మేలు మరువ" అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఎస్తేరమ్మ అక్కడితో ఆపింది. స్వరూప చేతులు ఎప్పుడో ఆగిపోయాయి.

"మేడమ్, ఒక మాట మీకు చెప్పలే" అంది చివరికి. "సత్తెమ్మకు పత్తి చేను కూడ ఉన్నది. వట్టి గడ్డనే గద, పత్తి ఏరుడు అయినంక పోదాం ఆపరేషన్‌కు అంటున్నది."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటడు? ఇప్పుడే పోవాలె అంటే, ఎందుకో చెప్పాలె గద."

ఎస్తేరమ్మ మడతలు పెట్టిన గుడ్డలను దగ్గరకు తీసి, వంకర పోయినవాటిని విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"పట్నం నుంచి వచ్చిన రిపోర్టు ఎవరి దగ్గరుంది?"

"ఆయన దగ్గరనే మేడమ్. అంగీ జేబుల పెట్టుకొని తిరుగుతున్నడు."

"మరి గడ్డ ఎవరి దగ్గరుంది?" అంది ఎస్తేరమ్మ.