పైడమ్మ పోగు పొట్టిదైన సంగతి

ఒకప్పుడు బ్యాక్టీరియాల కడుపులో జన్యువులన్నీ ఒకే పొడవుండేవి. ఇది చాలా చిన్న కథ, చిటికెలో అయిపోతుంది. అయితే ముందు సూరీడమ్మ పాలకుండ గురించి చెప్పాలి. ఆ కుండకు మూత పెట్టడం ఆవిడకు ఏనాడూ గుర్తుండేది కాదు. పక్కింటివాళ్ల కుండకు మూత ఉందో లేదో మాత్రం రోజూ వెళ్లి చూసొచ్చేది.

ఒక పొద్దున ఆ కుండలోకి పచ్చిమిరప తొడిమ ఒకటి జారిపడింది. దాని మీద కంటికి కనబడనంత చిన్న బ్యాక్టీరియా నిద్రపోతోంది. మెలకువ వచ్చేసరికి చుట్టూ తెల్లగా, గోరువెచ్చగా, మబ్బులో తేలుతున్నట్టుంది.

దాని కడుపులో జన్యువులు పోగుల్లా పడుకుని ఉన్నాయి. ఒక్కో పోగు మీద ఒక్కో వస్తువు ఎలా చేయాలో రాసి ఉంటుంది. ఆ కడుపులోనే ఉండే మర ఒకటి వచ్చి పోగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివి, ఆ వస్తువు చేసిపెడుతుంది.

పోగులన్నీ సమానంగా ఉండాలని వాళ్ల కట్టుబాటు. పొట్టి పోగంటే నామోషీ.

పైడమ్మ అనే జన్యువు చెప్పాల్సింది మూడు ముక్కలే. మరకు ఉండే ఒక చిన్న పన్ను ఎలా చేయాలో, అంతే. మిగతా పోగంతా "ఆ, తర్వాత... ఆ, ఇంకేముంది..." అని నింపుకుంది. గవరయ్య చెప్పాల్సింది చాంతాడంత. బ్యాక్టీరియా బయట గోడలను పట్టుకునే చెయ్యి ఎలా చేయాలో చెప్పడం అతని పని. చోటు చాలక సగంలో ఆపేశాడు. ఆ చెయ్యి మోచేతి దగ్గరే అయిపోయేది. అయినా తలెత్తుకునే తిరిగేవాడు.

"పాలు చల్లారుతున్నాయర్రా!" అని బ్యాక్టీరియా కేకేసింది. "చల్లారేలోగా నేను రెండవ్వాలి, నాలుగవ్వాలి, వేలవ్వాలి. లేకపోతే గాలిలో వచ్చేవాళ్లు పాలన్నీ కాజేస్తారు. మన పేరు చెప్పుకోవడానికి ఒక్కరు మిగలరు!"

రెండవ్వాలంటే రెండో మర కావాలి. రెండో మరకు పళ్లు కావాలి. మర పైడమ్మ పక్కన చేరి చదవడం మొదలుపెట్టింది. చదువుతూనే ఉంది.

"పైడమ్మా, పన్ను సంగతి ఎప్పుడో అయిపోయింది. ఇదంతా ఏమిటమ్మా?"

"మర్యాద కోసం ఉంచాను."

"నీ మర్యాద చదివేసరికి మన పని అయిపోతుంది."

పైడమ్మ చుట్టూ చూసింది. కత్తిరించుకుంటే రేపటి నుంచి అందరి నోళ్లలో తనే. కత్తిరించుకోకపోతే అసలు రేపే లేదు. తెల్లటి వెచ్చదనం కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. కళ్లు గట్టిగా మూసుకుని, మూడు ముక్కల తర్వాత పోగు కత్తిరించేసింది.

"అయ్యో, పొట్టిదానివైపోయావు పిన్నీ!" అని గవరయ్య పకపకా నవ్వాడు.

"నవ్వింది చాలు గానీ, ఈ ముక్క నువ్వు అతికించుకో. నీ చెయ్యి మోచేతి దగ్గర ఆగిందని అందరికీ తెలుసు, నీకు తప్ప."

గవరయ్య ఆ ముక్క అతికించుకుని, దాని మీది రాత చెరిపేసి మిగతా చెయ్యి సంగతి రాసుకున్నాడు. మర భాగాలు చేసే మిగతా జన్యువులు కూడా ఒకరిని చూసి ఒకరు కత్తిరించుకున్నాయి. ఆ ఆలోచన ముందు తనకే వచ్చిందని తర్వాత ప్రతి ఒక్కటీ చెప్పుకుంది.

మర గబగబా చదివింది. ఒకటి రెండైంది. రెండు నాలుగయ్యాయి. పాలు కల కంటున్నట్టు మెల్లమెల్లగా చిక్కబడ్డాయి. సాయంత్రానికి కుండ నిండా గడ్డపెరుగు, అందులో కోట్ల బ్యాక్టీరియాలు, ఒక్కోదాని కడుపులో ఒక్కో పైడమ్మ.

సూరీడమ్మ ఆ పెరుగంతా అన్నంలో కలిపి ఇంటిల్లిపాదికీ పెట్టేసింది. తర్వాత కుండ కడిగేసింది. కుండ గోడను పొడవాటి చేత్తో పట్టుకున్న ఒక్క బ్యాక్టీరియా మిగిలింది. ఇప్పుడున్నవన్నీ దాని సంతానమే.

అప్పటినుంచే బ్యాక్టీరియాల్లో మర భాగాలు చేసే జన్యువులు పొట్టిగానూ, బయట పట్టుకునే చేతులు చేసే జన్యువులు పొడవుగానూ ఉంటున్నాయి.